కొయ్యముఖానికి ఊడిన కన్ను

అమ్మలూ, రాగానే నా సేకరణల గదిలో గురిగింజ కోసం వెతుకు. శంఖాల బుట్ట కుమ్మరించి చూడు. దొరికితే వెంటనే ఫోన్ చెయ్యి. బుజ్జిదాన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నాను.

ద్వీపాల నుంచి తెప్పించిన కొయ్యముఖానికి పొదిగిన గురిగింజ కళ్లలో ఒకటి లేదు. అడిగితే, "తినేశా తాతా, తియ్యగా లేదు" అంది. మింగితే ఫరవాలేదు గానీ, నమిలితే విషమని డాక్టరు ఫోన్‌లో చెప్పారు. నమిలావా అంటే ఓసారి అవునంటుంది, ఓసారి కాదంటుంది. ఇప్పటికి నవ్వుతూనే ఉంది.

దాన్ని కోప్పడకు. అడగ్గానే దాచకుండా చెప్పింది, అదే పదివేలు.

నాన్న

అన్నట్టు, బయల్దేరుతుంటే చెయ్యి విడిపించుకుని వెనక్కి పరిగెత్తింది. "దానికి ఒక్క కన్నే కదా తాతా, తొందరగా నిద్రొస్తుంది" అంటూ ఆ గది తలుపు చప్పుడు కాకుండా వేసి వచ్చింది.