ఎడమవైపు కమ్మీ

రాయచోటి,
4 ఆగస్టు 2025

ప్రియమైన జేజికి,

ఫోన్‌లో చెప్పిన అంకెలు నమ్మకూడదంటావు కదా, అందుకే రాస్తున్నాను.

ఈ నెలాఖరున మా ఇంజనీరింగ్ కాలేజీలో ప్రదర్శన ఉంది. నాన్న పందెం కారు నమూనాను ఇరవై నాలుగో వంతు కొలతలో చేస్తున్నాను. కారు బోల్తా పడినా మనుషులు నలగకుండా లోపల బిగించే గొట్టాల పంజరం ఉందే, దాన్ని ప్లాస్టిక్ కడ్డీలతో కట్టాలి. కొవ్వొత్తి మీద కాస్తే వంపు దగ్గర కడ్డీ సన్నబడుతోంది. కాయకుండా వంచితే తెల్లగా పాలిపోయి విరుగుతోంది. నాన్న కొలతల పుస్తకం పంపించు.

మూడేళ్ల కిందట ఆ పంజరం నాన్నను కాపాడలేదు. కట్టింది వెల్డింగ్ చేసే ఓబుళేశు. నమూనా పక్కన పలక పెట్టి అతని పేరు రాస్తాను. అందుకోసమే ఇది చేస్తున్నాను జేజీ.

నీ హర్షిణి


కల్లూరు,
9 ఆగస్టు 2025

ప్రియమైన హర్షిణికి,

నీ ఉత్తరంలో రెండు చోట్ల కొట్టివేతలున్నాయి. ముందు చిత్తు రాసుకోవడం నేర్చుకో.

పుస్తకం పాతబడింది, పంపను. కొలతలు ఎత్తి రాసి ఇందులో పెట్టాను. అసలు గొట్టం ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు. ఇరవై నాలుగుతో భాగిస్తే 1.58 వస్తుంది. 1.6 కడ్డీ కొను.

సెలవుల్లో నువ్వు వదిలి వెళ్లిన కడ్డీలు నాలుగు వంచి చూశాను. కొవ్వొత్తి మానెయ్యి. మరిగే నీళ్లలో ముంచి, మెత్తబడగానే పెన్ను చుట్టూ వంచి, పట్టు వదలకుండా చన్నీళ్లలో పెట్టు. ముప్పై లెక్కపెట్టేదాకా పట్టుకుంటేనే వంపు నిలుస్తుంది. తొందరపడితే వెనక్కి తిరుగుతుంది.

అతికే ముందు కడ్డీ కొసను గుండ్రటి ఆకురాయితో లోపలికి అరగదీయి. రెండో కడ్డీ మీద అది ఒదిగి కూర్చోవాలి. నువ్వు వాడే జిగురు ప్లాస్టిక్‌ను కరిగించి కలుపుతుంది, మధ్యలో సందుంటే కలపలేదు. ఒక రోజంతా కదపొద్దు.

తలుపుల దగ్గర అడ్డకమ్మీలు రెండు, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి.

ఓబుళేశు పేరు మాత్రం రాయొద్దు. కాలేజీ ప్రదర్శన కోర్టు కాదు.

నీ మేలు కోరే జేజి,
మహాదేవి


రాయచోటి,
21 ఆగస్టు 2025

ప్రియమైన జేజికి,

నువ్వు చెప్పినట్టే చేశాను. వంపులన్నీ నిలిచాయి. కానీ నీ కొలతల్లో ఒకటి తప్పు.

ఆ రోజు కారు నడిపిన భూపేష్ మామ, పందేనికి ముందు తీసిన ఫొటో పంపాడు. నాన్న ఎడమ సీట్లో ఒళ్లో దారి పటం పెట్టుకుని నవ్వుతున్నాడు. తలుపు తెరిచి ఉంది. అక్కడ కమ్మీ లేదు జేజీ. రంపంతో కోసిన రెండు మొదళ్లు మాత్రం ఉన్నాయి. కారు బండకు కొట్టుకున్నది ఆ వైపే.

ఓబుళేశుకు ఫోన్ చేసి ఎందుకు కోశావని అడిగాను.  "తప్పు నాదే పాపా, రాసుకో" అని పెట్టేశాడు.

ఇంకేం కావాలి? పలక రాయించాను. వచ్చే శుక్రవారం ప్రదర్శన.

నీ హర్షిణి


కల్లూరు,
25 ఆగస్టు 2025

ప్రియమైన హర్షిణికి,

ఈ ఉత్తరం కొరియర్‌లో పంపుతున్నాను, ప్రదర్శనకు ముందే అందాలని. పుస్తకంలోని చివరి పుట చించి దీనితో పెట్టాను. అది మీ నాన్న చేతిరాత. "ఎడమ కమ్మీ అమ్మ కోసం తీయించాను. శుక్రవారం మళ్లీ వేయించాలి."

పందెం వారంలో, ఆ కారులోనే నన్ను మహానంది తీసుకుపోతానన్నాడు. మోకాళ్ల నొప్పులతో ఆ కమ్మీ దాటి కాలు లోపల పెట్టలేకపోయాను. నాకు చెప్పకుండా ఓబుళేశు చేత కోయించాడు. గురువారం సులువుగా ఎక్కి కూర్చుని, మోకాళ్లు నయమయ్యాయని మీ నాన్నతో చెప్పాను. వాడు నవ్వాడు.

శుక్రవారం తిరిగి రావాలి. ఇంకొక్క రోజు ఉందామని పట్టుబట్టింది నేనే. వాడు రెండుసార్లు, "పనుండాది మా" అన్నాడు. దేవుడి కంటే పనేమిటని కోప్పడ్డాను. శనివారం పొద్దుగూకాక ఇల్లు చేరాం. అప్పటికి ఓబుళేశు షెడ్డు మూసేశాడు. తెల్లవారి పందెం.

పదకొండో రోజు కర్మలయ్యాక ఈ పుట చదివాను. పుస్తకం మూసి బీరువాలో పెట్టాను. అందరూ ఓబుళేశును అంటుంటే విన్నాను. అతని దగ్గరికి కార్లు రావడం మానేశాయి. ఇప్పుడు కిటికీలకు గ్రిల్లులు చేసుకుంటున్నాడు. పక్క వీధే అయినా మూడేళ్లు ఆ దారిన నడవలేదు. ముప్పై ఏళ్లు పిల్లల లెక్కల్లో తప్పులు దిద్దిన దాన్ని, నీకు తప్పు కొలత ఇచ్చాను.

నిన్న వెళ్లాను. నీకు అంతా రాస్తానని చెప్తే, చేతిలో పని ఆపకుండా తల అడ్డంగా ఊపాడు.

"వద్దమ్మా. నాపైన కోపముంటే ఉండనీ. ఆ బిడ్డకు మీరు గాక ఎవురుండారు? మీపైన కూడా కోపమొస్తే అది యాడికి పోతాది?"

 అయినా రాస్తున్నాను. ఎడమవైపు కమ్మీ పెట్టొద్దు. పలక మీద ఏం రాయాలో ఇక నేను చెప్పను.

నువ్వు నాకు ఉత్తరం రాయకపోయినా అడగను. అతనికి మాత్రం రాయి. చిరునామా కింద ఉంది.

మహాదేవి

ఓబుళేశు, వెల్డింగ్ షెడ్డు, పాత రేషన్ షాపు వీధి, కల్లూరు, కర్నూలు.