వాగు దాటే బండి

ఆదివారం, జనగామ

నాయిన పుట్టిన ఊరు కాటారం అవతల అడవిలో ఉంది. దానికి రోడ్డు లేదు, వాగు దాటాలి. పక్షవాతంతో కుడి కాలు పడిపోయాక ఆయన అటు పోనేలేదు. పడుకుని పోవచ్చని ఇవాళ, లోపల పడక ఉండే క్యారవాన్ బండి కొందామని, చూడ్డానికి ఆయన్ని షోరూంకు తీసుకెళ్లాను. మెట్టు ఎత్తు తక్కువున్నది చూపించాను. నాయిన కర్ర ఆనించుకుని వంగి, చక్రాల కిందికి చూశాడు.

"గిది వాగుల మునుగుతది బిడ్డా. గా ఎత్తుదే తీస్కో."

ఆ ఎత్తు బండి మెట్టు మీదికి ఆయన కుడి కాలు లేవలేదు. ఎడమ కాలు పెట్టమన్నాను.

"కొత్త బండి. ఎడమ కాలు పెట్టి ఎక్కుతరా?"

ఈ పట్టింపుకు ఒళ్లు మండింది. ఆ కుడి కాలు నేనే లేపి పెట్టబోతే నా చెయ్యి తోసేశాడు. బయటే నిలబడి తలుపు నిమిరాడు.

"మంచిగుంది. మా ఊరికి పోతది."

బండి పోతుందన్నాడు. తను పోతానని మాత్రం అనలేదు.