సారా లేని కూత

మార్కాపురం తాలూకా నుంచి,
బహుధాన్య సంవత్సరం, ఫాల్గుణ బహుళ తదియ.

కేశవులు నాయన గారికి సుబ్బులమ్మ నమస్కరించి రాసుకునేది.

అందరం క్షేమమని రాయమని మీ అమ్మ అరుగు మీద నుంచి కేకేసింది, రాశాను. మీరు కూడా ద్రోణాచలంలో వేళకు ఇంత తిని కులాసాగా ఉన్నారని తలుస్తాను. నాకు జ్వరం లేదు, నొప్పీ లేదు. కానీ శివరాత్రి నాటి నుంచి మనుషులంటేనే రోత పుట్టి ఉంది. ఆ రోతలో మీ వాటా కూడా ఉంది. అందుకని ఈ ఉత్తరం మీ రైలు స్టేషన్లో ఎవరి చేతా చదివించుకోకండి. కూడబలుక్కునైనా మీరే చదవండి. మిషను బడిలో రాహేలు టీచరమ్మ నాకు దిద్దించిన గుండ్రటి అక్షరాలే కదా, మీకు కష్టం ఉండదు.

ముందు మీరు అడిగినవి. కందులు కొట్టడం అయిపోయింది. గింజ సన్నం, వాన తప్పిన ఏడు అంతకన్నా ఏం ఆశిస్తాం. ఎర్రావు ఈనింది, కోడెదూడ. మీ అమ్మకు మోకాలి వాపు తగ్గింది గానీ నోరు తగ్గలేదు. మీరు పంపిన కంబళి ఆమే కప్పుకుంటోంది, ఎవరినీ ముట్టుకోనివ్వదు.

ఇక మనవాడి సంగతి. "తిరునాళ్లలో కేశవులు గిద్దలూరోళ్లను చిత్తు చేసినాడంట, ఊరంతా భుజాలకెత్తుకున్నారంట, ఓబులయ్య రాసినాడు. నా కడుపు నిండింది. వాణ్ని తమ్ముడికే వదిలెయ్యి, నువ్వు అడ్డం పోవద్దు" అని రాశారు. మీ తమ్ముడు మీకు గెలుపు ఒక్కటే రాశాడు. మిగతాది నేను రాస్తున్నాను.

వాడికి పదిహేనేళ్లు. ఒంటరిగా కళ్లంలో "చెడుగుడు చెడుగుడు" అని కూత పట్టాడంటే నేను బావిలో చేద వేసి పైకి లాగేదాకా ఊపిరి తెగదు. అలాంటి వాడికి దసరా ఆటలో అవతలి బరిలో కాలు పెట్టగానే గొంతు పట్టేసింది. కూత ఆగినవాణ్ని పట్టుకోవడానికి వాళ్లకు శ్రమేముంది? వాడు నిలబడ్డ చోటనే నిలబడి నిక్కరు తడుపుకున్నాడు. ఈ మాట మీకు ఎవరూ రాసి ఉండరు. చూసినవాళ్లంతా నవ్వారు. నవ్వి ఊరుకుంటే పోయేది. మర్నాటి నుంచి మన వాకిట్లో నిలబడి, గొంతు పట్టేసినట్టు "చె... చె..." అని నటించి మరీ పోయేవాళ్లు. పిల్లలు కాదు, మీసాలొచ్చిన మగవాళ్లు. నోటినిండా ఆకువక్క వేసుకుని, మన గోడ మీద ఉమ్మి, వెక్కిరించి, తొడ చరుచుకుంటూ పోవడం. ఆ ఎర్రటి మరకలు కడిగింది నేను. ఛీ, ఒక పసివాడి భయం తప్ప ఈ ఊరికి ఇంకో వేడుక లేదా అనిపించింది.

ఆ తర్వాత ఆట ఉందంటే చాలు, వాడు పొద్దున్నే దొడ్లోకి పోయి వాంతి చేసుకునేవాడు. చేతులు చల్లబడిపోయేవి. దానికి ఎవరికి తోచిన వైద్యం వాళ్లు చేశారు. గాలి సోకిందని మీ అమ్మ తాయెత్తు కట్టింది. ఓబులయ్య పచ్చి గుడ్లు నువ్వుల నూనెలో కొట్టి బలవంతాన తాగించాడు. వాడు కక్కితే మళ్లీ తాగించాడు. పైగా రోజూ ఒకటే పాట: "కొండయ్య కొడుకువేనా రా నువ్వు? మీ నాయన బరిలో దిగితే ఎట్లాంటోడైనా పక్కకు జరిగేటోడు." భయంతో చచ్చే పిల్లవాడికి అది మందా? నీకేమవుతోంది నాయనా అని ఇంట్లో ఒక్కరూ అడగలేదు. నేను కూడా ఆ గుడ్ల నీచు వాసనకు విసుక్కున్నానే గానీ అడగలేదు.

శివరాత్రి తిరునాళ్లలో ఆటకు ముందు వాడికి మజ్జిగ ఇద్దామని బండ్ల వెనక్కి పోయాను. మీ తమ్ముడు వాడి ముక్కు మూసి పట్టుకుని నోట్లో సారా పోస్తున్నాడు. ఇంకో ఇద్దరు రెక్కలు పట్టుకున్నారు. పిల్లవాడి కళ్లనిండా నీళ్లు, గడ్డం మీద, రొమ్ము మీద సారా కారుతోంది. ఆ కంపు ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది.

"ఏందిది ఓబులయ్యా? పసిబిడ్డకు పోస్తాండావా?" అన్నాను.

"నువ్వు ఆడోళ్లలోకి పో వదినా. మా అన్న ఊరికే ఆడినాడనుకున్నావా? ఆట ఆటకూ ఇదే. గొంతులో ఇంత పడితేనే కూత లేస్తాది" అన్నాడు.

అవును, గెలిచాడు. కళ్లెర్రబడి, ఎవరి మీద పడుతున్నాడో తెలియకుండా పడ్డాడు. అవతలి పిల్లవాడికి చెయ్యి విరిగింది. దానికి మనవాళ్లు ఈలలు వేశారు. మొన్నటిదాకా మన గోడ మీద ఉమ్మినవాళ్లే వాడి మెడలో దండ వేశారు. బండిలో ఇంటికి వస్తూ ఆ దండతోనే నా ఒళ్లో పడుకుని, నా చీరంతా కక్కాడు. మీ కడుపు నింపిన గెలుపు అది.

అంతటితో ముగిసి ఉంటే నేనీ ఉత్తరం రాసేదాన్ని కాదు. కాముని పున్నమకు పక్క ఊరివాళ్లతో ఇంకో ఆట కుదిరింది. ఆ కబురు తెలిసిన రోజు వాడు మజ్జిగ అడిగినంత తేలిగ్గా వచ్చి, "అమ్మా, చిన్నాయనకు చెప్పి ముందే ఇంత తెప్పించు. అది పడితే భయం కనపడదు. నాయన గూడా అట్లనే గదా ఆడింది" అన్నాడు. కడప జిల్లాలో సారా అంగళ్లు మూయించారట, మన కర్నూలు జిల్లాకు ఆ పుణ్యం ఎప్పుడో. మన కేశవులు ఆటలో ఓడిపోతే ఏమీ కాదు. వాడు ఇట్లా గెలుస్తూ పోతే మనకు మిగలడు.

ఇప్పుడు మీకు చెప్పకుండా చేసిన పని చెబుతున్నాను. మన పెళ్లయిన ఏడు, కంభంవాళ్లతో ఆటనాడు, మీరు గడ్డివామి వెనక నా చెయ్యి పట్టుకుని వణికిపోయారు. తిన్నదంతా కక్కారు. "సుబ్బులూ, నాకు కాళ్లాడటం లేదు. ఎవరికన్నా చెప్పినావంటే నా మీద ఒట్టే" అన్నారు. ఇన్నేళ్లూ ఆ ఒట్టు నిలుపుకున్నాను. ఈ మధ్యనే తప్పాను. కేశవులును కళ్లంలో కూర్చోబెట్టి అంతా చెప్పాను. మీరు కక్కింది, వణికింది, నేను ముఖం కడిగి పంపింది. ఆ తర్వాతే మీరు సారా పట్టారని చెప్పాను. ఆట మానేసినా అది మానలేదని, ఇప్పుడు డ్యూటీ ఎక్కేముందు కూడా అది పడకపోతే మీ చెయ్యి నిలవదని కూడా చెప్పాను. మీకు కోపం వస్తుంది, రానివ్వండి. మీ అమ్మకు మాత్రం చెప్పలేదు.

వాడు పుల్లతో మట్టి గీకుతూ అడిగాడు.

"నాయనకు గూడా పొద్దున్నే వాంతయ్యేదా?"

"అయ్యేది."

"నా మాదిరే?"

"నీ మాదిరే."

వాడు నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. అప్పుడు అడిగాను, బరిలో నీకేమవుతుందని. దసరానాడే అడగవలసిన మాట. "అందరూ నవ్వేది ముందే వినపడతాదమ్మా. ఇంక ఊపిరి పైకి రాదు" అన్నాడు.

ఐతే ఆ నవ్వు వింటూనే కూత పట్టు అన్నాను. రోజూ సాయంత్రం వాడు కూత పడుతుంటే, ఊళ్లో మగవాళ్లు వెక్కిరించినట్టే నేను వెక్కిరించాను. నా నోటికి నాకే అసహ్యం వేసింది. ఆ గోల విని మీ అమ్మ కర్ర పట్టుకుని వచ్చి ముందు నన్ను తిట్టింది. సంగతి తెలిశాక ఇత్తడి పళ్లెం తెచ్చి వాయిస్తూ, "థూ, నీ కూత తగలెయ్య, పిల్లి గూడా నీకన్నా గట్టిగా అరుస్తాది" అని అందుకుంది. మొదట్లో వాడు వాళ్ల జేజి తిట్లకు నవ్వాపుకోలేక కూత వదిలేసేవాడు. పోనుపోను మా తిట్ల మధ్యనే ఊపిరి నిలిపాడు. తిట్టడంలో మీ అమ్మకు అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. అబద్ధం, రోజూ చూస్తూనే ఉన్నాను.

పున్నమనాడు మీ తమ్ముడు సీసా పట్టుకుని రానే వచ్చాడు. నేను నోరు తెరిచేలోగా కేశవులే అన్నాడు, "వద్దు చిన్నాయనా. నాకు భయమైతే కానీలే." తర్వాత కంచె పక్కకు పోయి కక్కి, నోరు కడుక్కుని, వణుకుతూనే బరిలోకి పోయాడు. ఆడవాళ్లు రాకూడదన్నా నేను వినలేదు, కొంగు బిగించి గీత పక్కనే నిలబడ్డాను. మొదటి కూత మధ్యలోనే తెగింది. పట్టేశారు. ఆటలో చచ్చినట్టే లెక్క కాబట్టి వచ్చి బయట కూర్చున్నాడు. వెనక నుంచి "చె... చె..." అని మొదలైంది. వాడు వాళ్ల వైపు తిరిగి, "మా జేజి ఇంతకన్నా బాగా చేస్తాది" అన్నాడు. మనవాళ్లు అవతల ఒకణ్ని కొట్టాక వీడికి మళ్లీ బతుకొచ్చింది. ఈసారి పోయి, ఒకణ్ని ముట్టుకుని, కూత తెగకుండా గీత దాటి వచ్చాడు. ఒక్కణ్నే. ఆట మనవాళ్లు ఓడిపోయారు.

ఊరంతా మా మీద మండిపడుతోంది. ఓబులయ్య మన గడప తొక్కడం మానేశాడు. నేను కొడుకును ఆడంగివాణ్ని చేశానని మీకు రాస్తానన్నాడట. ఆ ఉత్తరం దీనికన్నా ముందే చేరి ఉంటుంది. చేరనివ్వండి. ఆ సాయంత్రం కేశవులు ఆకలేస్తోందని తనంతట తానే అడిగి, సంగటి కడుపునిండా తిన్నాడు. దసరా తర్వాత ఆటనాడు వాడు అన్నం అడగడం అదే మొదలు.

ఉగాదికి సెలవు దొరికిందని, వాడి ఆట కళ్లారా చూస్తానని రాశారు. మీరు వస్తున్నారని చెబితే వాడు, "నేను ఇట్లా వణికితే నాయన అందరి ముందర సిగ్గుపడతాడేమో అమ్మా" అన్నాడు. దానికి జవాబు చెప్పవలసింది నేను కాదు.

రండి. రైలు దిగి సారా అంగడి వైపు పోకుండా తిన్నగా ఇంటికి రండి. తాగకుండా వచ్చి గీత పక్కన నా దగ్గర నిలబడండి. మీ చేతులు వణుకుతాయి. వణకనివ్వండి, పంచెలో దాచుకోకండి. వాడు చూడాలి.

ఇట్లు,
కేశవులు తల్లి,
సుబ్బులమ్మ