క్యాంపర్ అమ్మకండి

వార్విక్ అంకుల్, నేను బ్రోడీని. ఎదురుగా చెప్పలేక మెసేజ్ పెడుతున్నా. క్యాంపర్ కొనేవాళ్ళని శనివారం రావద్దనండి. దానికేం కాలేదు.

ఈస్టర్‌కి కారు వెనక లాక్కెళ్ళి నది దగ్గర దాని గుడారం విప్పితే, వానంతా పైగుడ్డలోంచి మన పక్కల మీదే కారింది కదా. "దీని బదులు పడవ కొనాల్సింది వార్విక్" అని అమ్మంటే అందరం నవ్వాం. మీరు నవ్వలేదు. తప్పు మీది కాదు అంకుల్. కొత్త కాన్వాసు మొదట్లో అలాగే కారుతుంది. బయల్దేరే ముందే ఇంటి దగ్గర రెండు మూడుసార్లు తడిపి ఎండబెట్టాలి. అప్పుడు కుట్లలో దారం ఉబ్బి బెజ్జాలు మూసుకుంటాయి. నేను మా నాన్న క్యాంపర్‌లోనే పెరిగా, ఇదంతా తెలుసు. తెలిసీ చెప్పలేదు. అమ్మని పెళ్ళి చేసుకున్నారని మీమీద కోపం. సారీ.

సోమవారం నుంచి మీరు పనికెళ్ళాక పెరట్లో విప్పి తడుపుతున్నా, ఎండబెడుతున్నా. ఇవాళ నేను లోపల కూర్చుంటే అమ్మ బయటనుంచి పైపు పట్టింది. ఒక్క చుక్క పడలేదు. "పడవ వద్దులే అని ఆయనకి చెప్పు" అంది.

ఇంకా తడిగానే ఉంది, వచ్చి మడిచేయకండి, బూజు పడుతుంది. ఆరాక ఎలా మడవాలో చూపిస్తా.

ఈసారి వాన పడే రోజు చూసుకుని వెళ్దాం.