తిరిగి రాకపోతే ఎవరికి చెప్పాలి

ఆ పిల్ల కాగితం చదవకుండా సంతకం పెట్టావు బాబాయ్. ఇప్పుడేమో తప్పంతా ఆ పిల్లదే అంటున్నావు.

నిన్న ఆసుపత్రి వరండాలో వాళ్ళమ్మతో నువ్వన్న మాట నా చెవిన పడింది. "ఒంటరిగా వెళ్ళొద్దని ఎన్నిసార్లు చెప్పినా వినలేదమ్మా, ఈ కాలం పిల్లలు అంతే." ఆవిడ తల దించుకుంది. కాలు రెండు చోట్ల విరిగిన కూతురి తరఫున నీకే క్షమాపణ చెప్పింది. ప్రొఫెసరు గారు, తమరేమో హాయిగా పుచ్చుకున్నారు!

వాగు నీళ్ళ కొలతలు ఎవరికి వాళ్ళే వెళ్ళి తీసుకురావాలన్నది ఎవరు? నువ్వే. పోనీ, అది చదువు, నాకు తెలీదు. నేను తొమ్మిదో తరగతితో బడి మానేసినదాన్ని. మీ కాలేజీ స్టోరులో చినిగిన మ్యాపులు అతికిస్తూ వాటిని చదవడం నేర్చుకున్నదాన్ని. కానీ కాగితం చదవడం నాకూ వచ్చు. వాగుకి వెళ్ళేముందు నింపే కాగితంలో "నాలుగింటికి తిరిగి రాకపోతే ఎవరికి చెప్పాలి" అన్నచోట ఆ పిల్ల తన నంబరే రాసింది. మునిగేవాణ్ణే గట్టు మీద కాపలా పెట్టినట్టు! కింద నీ సంతకం. ఈ ఏడాది కాగితాలన్నీ తీసి చూశాను. ఇరవై మూడింటిలో పదకొండు ఇంతే. ఒకళ్ళది చూసి ఒకళ్ళు దించారు. నువ్వు కట్టంతా ముందేసుకుని టీ చల్లారేలోపు సంతకాలు గీకేశావు.

నా తప్పూ ఉంది, దాచను. ఆ పొద్దున కాగితం చూడకుండానే హెల్మెట్టూ తాడూ ఈలా ఇచ్చింది నేనే. ఐదైనా అవి తిరిగి రాకపోతే కాగితం తీసి ఆ నంబరుకి మూడుసార్లు ఫోను చేశాను. మోగుతోంది, ఎత్తట్లేదు. పైనున్న నంబరూ కిందున్న నంబరూ ఒకటేనని అప్పుడు గానీ నా కళ్ళకి ఆనలేదు. ఫోను గట్టున సంచిలో మోగుతోంది, పిల్ల కాలు జారి నీళ్ళలో రాళ్ళ మధ్య పడుంది. కాలేజీ జీపు డ్రైవరన్నా నేనూ వెళ్ళేసరికి ఈల ఊదే ఓపిక కూడా లేదు. నన్ను చూడగానే ఏమడిగిందో తెలుసా? "అక్కా, కొలతల పుస్తకం తడిసిపోయిందా?" అని. నువ్వేసే మార్కుల భయం అలాంటిది.

ఇవాళ స్టోరుకొచ్చి కొత్త కాగితం నా ముందు పెట్టావు. పాత తేదీ, ఎవరిదో నంబరు, స్టోరులో నేను ఆ పిల్లని హెచ్చరించానని రాసి నా సంతకానికి ఖాళీ. "ఈ ఉద్యోగం ఎవరిప్పించారో గుర్తుందిగా?" అన్నావు. గుర్తుంది బాబాయ్. నాన్న పోయాక అన్నం పెట్టిందీ నువ్వే. అందుకే ప్రిన్సిపాలు కంటే ముందు నీకు రాస్తున్నాను. ఆ రుణం నా ఒళ్ళు వంచి తీర్చుకుంటాను. ఇంకొకరి పిల్ల కాలు పెట్టి తీర్చను.

సోమవారం ఇంకో ఆరుగురు పిల్లలు వాగుకి వెళ్తున్నారు. ప్రతి కాగితం మీదా ఫోనెత్తే వేరే మనిషి పేరుండాలి. ఆ మనిషితో నువ్వే మాట్లాడాలి. అది అయ్యేదాకా స్టోరు తాళం తియ్యను, ఒక్క తాడు కూడా బయటికి పోదు. ముందు ఆ తల్లి దగ్గరికెళ్ళు. "మీ అమ్మాయి తప్పు కాదు, నేను చదవలేదు" అని నీ నోటితో చెప్పు.

అసలు కాగితం నా దగ్గరే ఉంది. శనివారం మధ్యాహ్నం పన్నెండింటిలోపు నీ జవాబు రాసి పంపు. పన్నెండు దాటితే ఆ కాగితం తీసుకుని నేనే ప్రిన్సిపాలు గదికి వెళ్తాను.

నీ అన్న కూతురు