రొక్సానా పేరు పలికిన గొంతు

పెలోటస్, జూలై

చిరంజీవి రొక్సానాకు నాన్న ముద్దులు. మీ అమ్మా నేనూ కులాసాగానే ఉన్నాం, ఇక్కడ దక్షిణాన జూలై చలి మాత్రం ఎముకల్లోకి దిగుతోంది. అక్కడ ఉత్తరాన బెలేంలో ఫ్యాను కింద కూడా చెమటలు పడుతున్నాయని నువ్వు రాస్తే మీ అమ్మకి అసూయ పుట్టింది. నువ్వడిగిన పీచ్ పళ్ళ పాకం డబ్బాలో పోసి ఉంచింది. బస్సులో ఒలికిపోతుందని భయపడి ఇంకా పంపలేదు.

మొన్న వీడియోలో మాట్లాడినప్పుడు, మన కంప్యూటర్ తెర అలా మారిపోయిందేమిటని అడిగావు. అందులోని పాత సాఫ్ట్‌వేర్‌కి రోజులు దగ్గరపడ్డాయి. ఈ యంత్రం ఇక పనికిరాదు, కొత్తది కొనుక్కోమని అది రోజూ మాకు చెప్పడం మొదలుపెట్టింది. మా ఇంట్లో కూర్చుని మాకే ఆజ్ఞలా అని ఒళ్ళు మండింది. ఎదురింటి నొయేలీ గుర్తుంది కదా, ఆరోగ్యకేంద్రంలో నర్సు. శనివారాలు సాంబా నాట్యబృందం వాళ్ళ షెడ్డులో కొందరు చేరి, ఇలాంటి పాత కంప్యూటర్లలో ఎవరైనా ఊరికే వాడుకుని మార్చుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వేసి ఇస్తారని చెప్పింది. కంప్యూటర్‌ని దుప్పట్లో చుట్టి బస్సెక్కించాం. పక్క సీటావిడ అది పసిబిడ్డేమో అనుకుని కాస్త జరిగి చోటిచ్చింది.

అక్కడ నా ప్రశ్నలతో అందర్నీ విసిగించాను. దీన్ని ఎవరు తయారుచేశారు? ఎవరూ అమ్మకపోతే వాళ్ళు ఏం తిని బతుకుతారు? లోపల ఏముందో ఎవరైనా చూడొచ్చంటే, పాడుచేయరా? నొయేలీ ఓపిగ్గా చెప్పింది. కొందరికి జీతాలుంటాయట. కొందరు తమకు కావలసింది రాసుకుని, ఇంకొకరికి పనికొస్తుందని బయట పెడతారట. మన పక్కవీధి వాళ్ళు కలిసి కాలవ మీద వంతెన వేసుకోలేదా, అలాగే అనుకున్నాను. మీ అమ్మ మాత్రం ఊరికే వచ్చినదాన్ని నమ్మనంది. ఇంటికొచ్చాక ప్రింటర్ పలక్కపోయేసరికి గెలిచినట్టు నా వైపు చూసింది. దాన్ని దారిలో పెట్టడానికి నొయేలీ రెండుసార్లు రావలసి వచ్చింది. కంప్యూటర్లో తను ఆడుకునే పేకాట మళ్ళీ దొరికాకే మీ అమ్మ శాంతించింది.

ఇక అసలు సంగతి. ఇంతవరకూ రాయకుండా ఉండటం నా వల్ల అయ్యింది, ఇక కాదు. తల్లీ, నాకు అక్షరాలు కనబడటం లేదు. చూపు మధ్యలో పొగ కమ్మినట్టుంటుంది, అంచుల్లో మాత్రం మనుషులు తెలుస్తారు. ఇంతకంటే తగ్గకుండా చూస్తామన్నారు డాక్టర్లు, పోయింది రాదన్నారు. రేడియోలో నేను చదివే ఆదివారం కార్యక్రమం విసుగొచ్చి మానేశానని నీకు చెప్పాను. విసుగు కాదు, చేతిలో కాగితం చదవలేకపోయాను. నువ్వు నదిలో నీ పరిశోధన పని వదిలేసి పరిగెత్తుకొస్తావని చెప్పొద్దనుకున్నాం.

షెడ్డులో నొయేలీ ఏదో మీట నొక్కగానే కంప్యూటర్ తెర మీది మాటల్ని చదవడం మొదలుపెట్టింది. రేకుడబ్బాలోంచి వచ్చినట్టుంది గొంతు. అయినా ఆ సాయంత్రం ఆ ఊరి పేపరూ ఈ ఊరి పేపరూ విని, చివరికి వంటనూనె ప్రకటన కూడా వదల్లేదు. నువ్వు ఈమెయిల్లో పంపే ఉత్తరాలు ఇప్పుడు నేనే వింటున్నాను. ఇది కూడా వేళ్ళ అలవాటుతో కొట్టి, వింటూ దిద్దుకుంటున్నాను.

ఒక్కటే లోటు. ఆ గొంతు నిన్ను రొషానా అనేది. నీ పేరు మధ్యలోని x అక్షరం మన భాషలో 'ష' అనీ పలుకుతుంది, 'క్స' అనీ పలుకుతుంది, దానికి పాపం ఏం తెలుసు. రొషా అంటే ఊదారంగు కదా, బడిలో పిల్లలు నిన్ను ఊదారంగు పిల్లా అని ఏడిపించింది గుర్తొచ్చి ప్రతిసారీ చురుక్కుమనేది. నొయేలీతో అన్నాను.

"అయితే మార్చేయండి, ఒదిలోన్ బాబాయ్."

"నేనా? నన్నెవరు మార్చనిస్తారు?"

"ఎవర్నీ అడగక్కర్లేదు. మాటలు ఎలా పలకాలో రాసిన జాబితా ఇదిగో. రేడియోలో ఒక్క పేరు తప్పుగా చదవని మనిషి మీరు, మీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

ఆ పూటంతా ఒక్క వరుస రాయడానికి పట్టింది. రాయడం, వినడం, కొట్టేయడం. ఒకసారి నిన్ను రొకిస్సానా అంది, మీ అమ్మ నవ్వలేక చచ్చింది. కుదిరాక, అందరికీ పనికొస్తుందని ఆ వరుసని తయారుచేసిన వాళ్ళకి పంపాం. సముద్రం అవతల మన భాషే మాట్లాడే మపూటో నుంచి అల్బీనో అనే ఆయన జవాబు రాశాడు. ఆయనకీ చూపు లేదట, ఇదే గొంతు వింటూ పనిచేస్తాడట. చేర్చుకున్నామని చెప్పి, ఈ పేరుగల మనిషి ఎవరని అడిగాడు. నా కూతురు, అమెజాన్‌లో చేపల మీద పరిశోధన చేస్తుందని రాశాను. తన కూతురి పేరు కూడా అది సరిగ్గా పలికేది కాదని, తను మొట్టమొదట దాన్నే దిద్దానని రాశాడు.

నువ్వు పని వదిలి రావద్దు. వచ్చే ఆదివారం మళ్ళీ మైకు ముందు కూర్చుంటున్నాను. ఒక చెవిలో ఆ గొంతు చెబుతుంటే వెనకాలే నేను చదవాలి. తడబడతానేమోనని దిగులుగానే ఉంది. వంటింట్లో మీ అమ్మని కూచోబెట్టి సాధన చేస్తున్నాను.

నిన్న నీ ఉత్తరం మళ్ళీ పెట్టుకుని విన్నాను. చివర సంతకం దగ్గర అది చక్కగా, రొక్సానా అంది. ఆ పేరు విని మీ అమ్మ పిండిచేతులతో గుమ్మంలోకి వచ్చి, "అమ్మాయి ఫోన్ చేసిందా?" అని అడిగింది.

ఇట్లు,
నీ ఉత్తరాలు తనే చదువుకుంటున్న
నాన్న ఒదిలోన్