ముప్పై ఎనిమిది కేజీలు

అరుణాచల్ కొండల నుంచి,
9 ఆగస్టు 2004

నామీద అలిగి కూర్చున్న మాలతక్కకు,

నీ మూడు ఉత్తరాలూ ఒకేరోజు అందాయి. ఇక్కడ కొండచరియ విరిగిపడితే పోస్టు నెలరోజులు కదలదు, ఇక ఫోను సంగతి అడగనే వద్దు. మూడింటిలోనూ నీది ఒకటే పాట: ఆ హెలికాప్టర్ ఉద్యోగం ఎప్పుడు మానేస్తావు, పుంగనూరు ఎప్పుడొస్తావు? నాయనేమో సంతకొచ్చిన ప్రతివాడినీ ఆపి "మా కల్పన ఆకాశంలో తిరగతాండాది" అని చెప్పుకుంటున్నాడట. ఆకాశంలో తిరగడమట! ఒక్కసారి వచ్చి చూడమను, గొర్రెల్ని వదిలేసి.

ఇక్కడ రోడ్డు లేని ఊళ్ల నుంచి రోగిని మోసుకుని నాలుగు రోజులు నడిస్తే గానీ మా ట్రస్టు ఆసుపత్రి రాదు. అందుకే చిన్న హెలికాప్టర్ ఒకటి అద్దెకు పెట్టుకున్నారు. అందులో పైలెట్, నేను, స్ట్రెచర్ మీద రోగి. ఉదయం పదకొండు లోపల కనుమ దాటి ఇటు రాకపోయామా, మబ్బు దిగి దారి మూసుకుపోతుంది. ఆ తెల్లటి మబ్బులో కొండ ఎక్కడుందో తెలియదు. కనుమ దగ్గర గాలి పైనుంచి కిందికి అదిమేస్తుంది, హెలికాప్టర్ బావిలో వదిలిన చేదలా దిగజారిపోతుంది. నువ్వు రంగులరాట్నం ఎక్కడానికే ఏడ్చేదానివి కదా, నీకు ఎంత చెప్పినా అర్థం కాదులే.

వాన కంటే, గాలి కంటే పెద్ద తలనొప్పి తూకం. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడి హెలికాప్టర్ మోసే బరువు తగ్గిపోతుంది. ఎక్కే ప్రతి మనిషి బరువూ పైలెట్‌కు తెలియాలి. ఊళ్లకు తీసుకుపోయే తూకం మిషన్ వానకు తుప్పు పట్టి చచ్చింది. కొత్తది పంపండి మహాప్రభో అని ఆఫీసుకు మూడుసార్లు రాశాను, గోడకు చెప్పుకున్నట్టే అయింది. చివరికి నాయన విద్యే గతి అయింది. గొర్రె పొట్ట కింద చెయ్యేసి బెత్తెడు లేపి తూకం చెప్పేస్తాడే, నేను మనుషుల్ని చంకల కింద పట్టుకుని అలాగే లేపుతాను. మా పైలెట్ భానుప్రకాశ్ సార్ మొదట్లో పడీపడీ నవ్వాడు. ఆయనది కుప్పం పక్కన శాంతిపురమే. ఒకరోజు ఆసుపత్రిలో ఉన్న పెద్ద మిషన్ ఎక్కించి పదిమందితో నాకు పరీక్ష పెట్టాడు. ఎవరి దగ్గరా కేజీకి మించి తేడా రాలేదు. అప్పట్నుంచీ నేను చెప్పిన అంకెనే ఆయన కాగితం మీద రాసేసుకునేవాడు.

సరే, ఇక అసలు సంగతి. ఇది నువ్వొక్కదానివే చదువు, నాయనకు చదివి వినిపించొద్దు. మే నెలలో మా హెలికాప్టర్ పడిపోయింది, గాలివాన వల్ల అని రాశాను కదా. అది సగం నిజం. మిగతా సగం నేను.

రోగి వెంట మేమూ వస్తామని ప్రతి ఇంటివాళ్లూ వచ్చి తలుపు పట్టుకుంటారు. వాళ్ల వేళ్లు ఒక్కొక్కటే ఊడదీసి తలుపు వేయడం నా పని. నర్సు కోర్సులో ఇది ఎవరూ నేర్పలేదు. మే నెలలో అప్పటికే ఆరుగురిని అలా దించేశాను. ఒకాయన నా మొహం మీద ఉమ్మాడు, తుడుచుకుని తలుపేశాను. ఆ రోజు రోగి పందొమ్మిదేళ్ల పిల్ల, బండ దొర్లి తుంటి విరిగింది. వాళ్లమ్మ తలుపు పట్టుకోలేదు, ఏడవలేదు, నన్ను ఏమీ అడగలేదు. కూతురి పాదం పట్టుకుని నిలబడింది, అంతే. సార్ సీట్లోంచి అరిచాడు, "నలభై దాటితే వద్దు సిస్టర్! మబ్బు దిగతాండాది, టైము లేదు, బిన్నా చెప్పు!"

నేను ఆమెను లేపి చూశాను. యాభై ఆరు. నా చేతులకు తెలుసు, యాభై ఆరు. నోరు మాత్రం "ముప్పై ఎనిమిది" అంది. ఎందుకన్నానని ఇప్పటికీ నామీద నాకే ఒళ్లు మండుతుంది. ఏడో మనిషిని కూడా దించడం నావల్ల కాలేదక్కా.

కనుమ దగ్గర గాలి అదిమేసరికి హెలికాప్టర్ పైకి లేవలేకపోయింది. సార్ వెనక్కి తిప్పి ఏటి ఒడ్డున రాళ్ల మీద దించబోయాడు. తోక బండకు తగిలింది, ముందు భాగం నలిగి ఆయన కుడి తొడ ఎముక రెండుచోట్ల విరిగింది. నాకు రెండు పక్కటెముకలు. ఆ పిల్లకు కొత్త దెబ్బేమీ తగల్లేదు, వాళ్లమ్మకైతే గీత కూడా పడలేదు! మనుషులు నడిచొచ్చి మమ్మల్ని మోసుకుపోయేదాకా రెండు రోజులు ఆ వానలోనే ఉన్నాం. అప్పుడు ఆ తల్లి దుప్పటి తీసి, నడుముకు కట్టుకున్న మూట విప్పింది. ఎండుమాంసం, వేయించిన మొక్కజొన్నలు. ఆ యాభై ఆరులో ఆరు కేజీలు ఆ మూటే. అదే తిని బతికాం. నవ్వాలో ఏడవాలో నువ్వే చెప్పు.

సార్ ఇప్పుడు కాల్లో కడ్డీ వేయించుకుని కుప్పంలో మంచాన ఉన్నాడు. లైసెన్సు ఆపేశారు. తెలిసి తెలిసి ఎక్కువ బరువు ఎక్కించాడని సెప్టెంబరు పదిన విచారణ. ఈ మహానుభావుడేమో "అంకె నేనే అంచనా వేసుకున్నాను, సిస్టర్‌కు సంబంధం లేదు" అని రాసిచ్చాడట. ఎవరడిగారు ఈయన్ని? కాగితం మీద ఉన్నది ఆయన రాత, నా పేరు ఎక్కడా లేదు. నేను నోరు విప్పితే నర్సుగా నా రిజిస్ట్రేషన్ పోతుంది. విప్పకపోతే ఆయన ఇక ఎగరడు. మూడు నెలలుగా అన్నం ముద్ద దిగడం లేదు.

నేను చెప్పదలచుకోలేదు. రాజీనామా రాసి పెట్టుకున్నాను. మదనపల్లెలో ఏదైనా నర్సింగ్ హోంలో పని ఉందేమో రాజేంద్ర బావను కనుక్కోమను. నన్ను పిరికిదాన్ని అనుకో, తిట్టు, ఏమైనా చెయ్యి. నాయన చెవిన మాత్రం వెయ్యొద్దు.

నీ చెల్లెలు,
కల్పన


పుంగనూరు,
26 ఆగస్టు 2004

తెలివి తక్కువ కల్పనకు,

నాయనకు చెప్పొద్దన్నదానివి సంత రోజే చేరేటట్టు ఎందుకు రాశావే? నాలుగు పొట్టేళ్లను అమ్ముకుని కాఫీకని వచ్చి కూర్చున్నాడు, పోస్టుమ్యాన్ సరిగ్గా అప్పుడే వచ్చాడు. "సదువు" అన్నాడు. నేను కాగితాలు తిప్పుతూ "బాగుందంట నాయనా, వానలు ఎక్కువంట" అన్నాను. ఆయన నామొహం చూసి, "యాలమ్మా, అన్ని కాగితాల్లో వానొక్కటే రాసిందా?" అన్నాడు. ఆయనకు అక్షరం రాకపోవచ్చు గానీ కాగితాలు లెక్కపెట్టడం వస్తుంది కదా. ఇక నావల్ల ఏమవుతుంది? మొదట్నుంచీ చదివాను.

చదవడం అయ్యేసరికి ఆయన కాఫీ చల్లారిపోయింది. "యాభై ఆరును ముప్పై ఎనిమిదని చెప్పిందా నా బిడ్డ" అని ఒక్కమాట అన్నాడు. మరునాడు పొద్దున్నే కంబళి భుజాన వేసుకుని, "పద, కుప్పం పోదాం" అన్నాడు. నేను రానంటే ఒక్కడే పోయేటట్టున్నాడు. పలమనేరు దాకా నిలబడే పోయాం.

మీ సార్ వాళ్ల ఇల్లు పట్టుకునేసరికి పన్నెండయింది. ఆయన భార్య నీరజమ్మ మంచిదే గానీ విసిగిపోయి ఉంది. "వచ్చినోళ్లతో మాట్లాడడమ్మా ఈయన, మీరైనా మాట్లాడించండి" అని లోపలికి పిలిచింది. నాయన నిలబడే చెప్పేశాడు, "అప్పా, నా బిడ్డ నీకు తూకం తప్పు చెప్పిండాది. పద్దెనిమిది కేజీలు."

ఆయన మంచం మీద నుంచి, "తెలుసు పెద్దాయనా" అన్నాడు.

"రెండడుగులు లేపంగానే తెలిసిపాయ. ఇంజన్ ఎంత లాగతాండాదో మీటరు సూపిస్తాది. దించేసి ఆయమ్మను దిగమనుండొచ్చు. దించి మళ్లా లేచేలోగా కనుమ మూసుకుంటాది. పోతాదిలే అనుకుంటిని. తప్పు చెప్పింది ఆ పాప, తెలిసీ పోయింది నేను." తర్వాత ఇంకో మాట అన్నాడు. "కల్పనను ఏమీ రాయొద్దని చెప్పండి. ఆయమ్మ రాస్తే మీటరు సంగతి అడగతారు, నేనూ చెప్పాల్సొస్తాది. అంచనా తప్పిందంటే కొన్నాళ్లకు లైసెన్సు ఇస్తారు. తెలిసి చేసినానంటే ఇయ్యరు."

చూశావా? నువ్వు మూడు నెలలు అన్నం మానేసి ఏడుస్తుంటే, ఆయన నిన్ను కాపాడుతున్నాడనుకుంటుంటే, ఆయన కాపాడుకుంటున్నది తన్నే. నాకైతే కోపం నషాళానికి అంటింది. నీరజమ్మ చేతిలో కాఫీ గ్లాసులతో అలాగే నిలబడిపోయింది. ఆమెకూ అప్పుడే తెలిసినట్టుంది.

నాయన అరవలేదు. "సంతలో పొట్టేలు తూకం తప్పు చెప్తే కొన్నోడు మళ్ల వారం వచ్చి నన్ను తిడతాడప్పా. మీ యాపారంలో తిట్టేదానికి మనిషి మిగల్తాడా?" అని బయటికి నడిచాడు. బస్సులో నాతో అన్న మాట ఆయన చెప్పినట్టే రాస్తున్నా: "ఆయప్ప చెప్తాడో లేదో ఆయప్ప ఇష్టం. నువ్వు చెప్పు. చెప్పి ఇంటికి రా, రాకుంటే ఆడనే ఉండు. చెప్పకుండా మాత్రం రావద్దు."

బావ మదనపల్లెలో కనుక్కున్నాడు, ఒకచోట పని ఉంది. నేను మాత్రం ఏమీ చెప్పను. ఈ ఇంట్లో అందరికీ నేనే చదివి వినిపించాలి, అందరి తిట్లూ నేనే తినాలి.

మీ అక్క,
మాలతి


అరుణాచల్ కొండల నుంచి,
19 అక్టోబరు 2004

అక్కా,

సెప్టెంబరు పదిన విచారణలో చెప్పేశాను. విచారణకొచ్చిన పెద్దమనిషి కళ్లద్దాలు పైకి జరుపుకుని, "మనుషుల్ని చేత్తో ఎత్తి తూచారా?" అని నాలుగుసార్లు అడిగాడు. అవునండీ, మీ మిషన్ రాలేదు కాబట్టి అన్నాను. నేను చెప్పిందంతా టైపు కొట్టించి మూడు కాపీల మీద సంతకం పెట్టించుకున్నాడు. ఆ తర్వాత ఇంకో కాగితం తీసి చూపించాడు. కుప్పం నుంచి వచ్చింది. మీటరు సంగతంతా సార్ తన చేత్తోనే రాశాడు. నాయన వెళ్లొచ్చిన నాలుగో రోజు తేదీ ఉంది. ఆయన మీద నాకు కోపం ఇంకా పోలేదు, కానీ ఆ తేదీ చూసి ఏడ్చాను.

ఆయన లైసెన్సు రద్దయింది. నన్ను తీసేస్తారనుకున్నాను. నా స్థానంలో ఇంకో నర్సు ఇక్కడికి వస్తే కదా తీసేయడానికి! రిజిస్ట్రేషన్ జోలికి పోకుండా వార్నింగ్‌తో వదిలేసి, నేనిచ్చిన రాజీనామా కూడా వెనక్కి ఇచ్చేశారు. తూకం మిషన్ మాత్రం ఇప్పటికీ రాలేదు. ఎవరి ప్రాణం ఎవరికి పట్టింది?

అయినా నెలరోజులు తేలిగ్గా ఉన్నాను. కడుపునిండా తిన్నాను. ఇక జన్మలో తూకం తప్పు చెప్పను అని ఆ విచారణలో అందరి ముందూ అన్నాను కూడా.

పోయిన శుక్రవారం, కొత్తగా అద్దెకు తెచ్చిన హెలికాప్టర్‌లో ఒక ఊరికి పోయాం. ముసలాయనకు ఊపిరి అందడం లేదు. పక్కన ఆయన పెళ్లాం, చిన్న మనిషి. కొత్త పైలెట్ ముప్పై అయిదు దాటకూడదన్నాడు. కనుమ వైపు అప్పటికే మబ్బు కడుతోంది. లేపి చూశాను, నలభై రెండు. నలభై రెండనే చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమెకు మా భాష రాదు, అయినా అర్థమైంది. భుజం మీది దుప్పటి తీసి కింద పెట్టింది. మెళ్లో పూసలు తీసింది. నడుముకున్న కత్తి తీసింది, కాళ్లకున్న చెప్పులు విడిచింది. అన్నీ ఒక కుప్పగా పెట్టి, మళ్లీ లేపమని రెండు చేతులూ పైకెత్తి నిలబడింది. మళ్లీ లేపాను. నలభై.

నేను ముప్పై అయిదు అని ఉంటే ఆ పైలెట్ నమ్మేవాడక్కా. నలభై అన్నాను. ఆమె వేళ్లు తలుపు మీద నుంచి నేనే విడిపించాను.

కనుమ దాటాం. గాలి అదిమింది, హెలికాప్టర్ తట్టుకుని పైకి లేచింది. ఆమె కూడా ఉండి ఉంటే లేచేది కాదేమో, లేచేదేమో, అది ఎవరు చెప్తారు? ముసలాయన మాస్కులోంచి గాలి పీలుస్తూనే పక్కకు చెయ్యి చాపి వెతికాడు. నా చెయ్యి ఇచ్చాను. వేళ్లు తడిమి చూసి, అది ఆమెది కాదని తెలిసి వదిలేశాడు. ఆసుపత్రి ఇంకా పది నిమిషాల దూరం ఉండగా పోయాడు.

ఆమె నాలుగు రోజులు నడిచి ఇందాకే వచ్చింది. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఉంది, ఎవరూ ఏమీ చెప్పలేదు. నేనే పోయి చెప్పాలి. ఈ ఉత్తరం ముగిస్తే పోవాలి గనుక ముగించకుండా ఇంతసేపూ రాస్తున్నాను.

మదనపల్లె పని వద్దని బావకు చెప్పు. దీన్ని నాయనకు దాచకుండా చదివి వినిపించు. తూకం సరిగ్గానే చెప్పానని చెప్పు.

కల్పన